ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఉండవలసిన వ్యవధి

(తాండూరులో జరిగిన తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభలలో విద్య ప్రస్తావన వస్తే మాటలు సీట్ల మీదికి, స్కాలర్‌షిప్పుల మీదికి, ఖాళీగా ఉన్న ఉర్దూ మాధ్యమ పోస్టుల మీదికి వెళ్ళిపోతాయి. అవి చిన్న విషయాలు కావు. షెడ్యూల్డు కులాలకు, తెగలకు కేటాయించిన ఉర్దూ మాధ్యమ పోస్టులకు ఆ భాష చదివిన అభ్యర్థులు దొరకక, నియామకం తరువాత నియామకంలో అవి ఖాళీగానే మిగిలిపోతున్నాయని మన సంఘాలు ఏళ్ళ తరబడి వినతిపత్రాలు ఇస్తూనే ఉన్నాయి. ఇకముందు కూడా ఇవ్వవలసిందే. కానీ ఈ రోజు మేము బడి గేటు దగ్గర ఆగిపోకుండా గది లోపలికి వెళ్ళి మాట్లాడదలచాము. సీటు దొరికింది, పుస్తకం వచ్చింది, పంతులు కూడా ఉన్నాడు అనుకుందాం. అప్పుడు ఆ గదిలో మన బిడ్డకు ఆలోచించడానికి, నోరు విప్పడానికి, తన చేతులతో ఏదైనా చేయడానికి ఎంత కాలం దక్కుతున్నది?

మేము అంటే తాండూరు, వికారాబాదు పట్టణాల బడులలో పాఠాలు చెప్పేవాళ్ళం. కొందరం ఉద్యోగ విరమణ చేసినవాళ్ళం. ఒకరి తరగతిలో ఒకరం కూర్చుని చూసుకోవాలని ఆ మధ్య ఒక నియమం పెట్టుకున్నాము. అది అంత సుఖంగా జరిగిన పని కాదు. వెనుక బల్ల మీద తోటి ఉపాధ్యాయుడు కూర్చుంటే ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్నవారికి కూడా గొంతు ఆరుతుంది. అయినా కూర్చున్నాము. ఒక్క విషయమే గమనించాలనుకున్నాము. ఉపాధ్యాయుడు ప్రశ్న వేసిన తరువాత, తానే జవాబు చెప్పేసేలోపు, లేదా ఇంకొకరిని లేపేలోపు, ఎంతసేపు ఆగుతున్నాడు? మనసులో ‘ఒకటి’ అని అనుకునేలోపే ఆ సమయం అయిపోతున్నది. మాలో అందరిదీ అదే కథ. పిల్లలంటే ప్రాణం పెట్టేవారిదీ అదే.

ఇది మన ఊరి జబ్బు మాత్రమే కాదు. 1970ల దశకంలో అమెరికాలో మేరీ బడ్ రో అనే సైన్సు విద్యావేత్త ఎన్నో తరగతుల రికార్డింగులు విని ఇదే లెక్క తీశారు. ఉపాధ్యాయులు సగటున ఒక సెకను ఆగుతున్నారు. ఆ ఒక్కటిని మూడుకు పెంచినప్పుడు పిల్లల జవాబులు పొడవయ్యాయి, ‘తెలియదు’ అనేవారు తగ్గారు, ఎప్పుడూ మాట్లాడనివారు మాట్లాడారు, పిల్లలే ఎదురు ప్రశ్నలు వేయడం మొదలుపెట్టారు. ఆమె గమనించిన మరొక సంగతి మనకు ఇంకా ముఖ్యం. చదువులో వెనుకబడినవారని ఉపాధ్యాయులు అనుకునే పిల్లలకు, ముందున్నవారికంటే తక్కువ వ్యవధి ఇస్తున్నారు. ఎవరికి ఎక్కువ కావాలో వారికే తక్కువ.

ఇప్పుడు మన బిడ్డ సంగతి చూడండి. తాండూరులో పిల్లలు ఎన్ని భాషల మధ్య పెరుగుతారో మీకు చెప్పనవసరం లేదు. ఇంట్లో దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు, సేడం వైపు చుట్టాలు వస్తే కన్నడ. ప్రభుత్వ బడులలో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది. ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషుగా ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. ప్రశ్న ఇంగ్లీషులో చెవిన పడుతుంది. పిల్ల దానిని ముందు తెలుగులోకి, అక్కడి నుంచి అమ్మీతో మాట్లాడే మాటలోకి దించుకోవాలి. జవాబు ఆ మాటలో పుడుతుంది. దానిని మళ్ళీ పైకి ఎక్కించాలి. ఈ మెట్లన్నీ దిగి ఎక్కేలోపు ముందు బల్ల మీద ఎవరో జవాబు చెప్పేస్తారు. తెలియక కాదు, దారిలో ఉండగా గంట కొట్టేస్తున్నాము. రోజూ ఇలా జరిగితే ఆ పిల్ల దిగడం కూడా మానేస్తుంది. తరువాత ప్రగతి పత్రంలో ‘మితభాషిణి’ అని వ్రాస్తాము. ఇంటికి వెళితే మీరు ‘మా అమ్మాయి చాలా నెమ్మది’ అని సంతోషిస్తారు.

మా తప్పు ఒకటి ఒప్పుకుంటాము. మాలో ఒకరి తరగతిలో జరిగింది ఇది. ఆమ్లాల పాఠం. ఆమ్లం కార్బొనేటుతో కలిస్తే ఏ వాయువు వెలువడుతుంది అని ప్రశ్న. ఒక పిల్లవాడు లేచి, ‘సార్, మా అమ్మీ తిడ్తది...’ అని మొదలుపెట్టాడు. తరగతి గొల్లుమన్నది. అడిగినదేమిటి, చెబుతున్నదేమిటి అని అతన్ని కూర్చోబెట్టి, జవాబు బోర్డు మీద వ్రాసి, అందరిచేత రెండుసార్లు చెప్పించి ముందుకు పోయాము. వెనుక బల్ల మీద కూర్చున్న మావాడు ఊరుకోలేదు. పాఠం అయ్యాక ఆ పిల్లవాడిని బయట చెట్టు కింద కూర్చోబెట్టి, అమ్మీ ఎందుకు తిడుతుంది బేటా అని అడిగాడు. అప్పుడు వచ్చింది పూర్తి వాక్యం. ‘పాలిష్ చేసిన బండ మీద చింతపులుసు పడ్తే మెరుపు పోతది సార్. నిమ్మరసం పడ్తే బుసబుస పొంగుతది కూడా. మా అబ్బా చూపించిండు.’

అయ్యలారా, అమ్మలారా, ఆ రోజు పాఠం మొత్తం ఆ పిల్లవాడి నోట్లో ఉన్నది. తాండూరు నాపరాయి సున్నపురాయి, అంటే కాల్షియం కార్బొనేటు. నిమ్మలో సిట్రిక్ ఆమ్లం, చింతపండులో టార్టారిక్ ఆమ్లం. ఆ బుసబుసే కార్బన్ డయాక్సైడ్. నగరంలో ఖరీదైన బడి పిల్లలు సీసాలో వేసి చూసే ప్రయోగాన్ని ఈ పిల్లవాడు తన ఇంటి నేల మీద చూశాడు. అతనికి కావలసింది ఇంకొక పది సెకన్లు. మేము ఇవ్వలేదు. ఇవ్వకపోగా నవ్వాము.

మరొక ఉదాహరణ. ఎనిమిదో తరగతిలో లెక్కలు రావని బడి మానేసిన ఒక అబ్బాయి ఇప్పుడు బండల యూనిట్‌లో లోడింగు లెక్క చూస్తాడు. ఇరవై రెండు అంగుళాల చదరపు బండలు ముప్పై ఉంటే దాదాపు నూరు చదరపు అడుగులు అని కాగితం లేకుండా చెబుతాడు. ఇంటికి వెళ్ళి మేము గుణించి చూసుకున్నాము. 22ను 22తో గుణించి 144తో భాగిస్తే ఒక బండ 3.36 చదరపు అడుగులు. ముప్పైకి నూరు దాటుతుంది. సరిగ్గా చెప్పాడు. వైశాల్యం అధ్యాయంలో ఇతనికి సున్నా వేసిన చేతులు మావే. ఇందులో అతని పేదరికం పాత్ర లేదని మేము అనడం లేదు, ఉన్నది. కానీ పేదరికం బయట నుంచి లాగుతుంటే, లోపల అతన్ని పట్టుకుని ఆపగలిగినది ఏదీ మేము ఉంచలేదు. ముస్లిం పిల్లలలో ఆరు నుంచి పద్నాలుగేళ్ళ వయసువారిలో నాలుగో వంతు మంది అసలు బడికి పోనివారో, మధ్యలో మానేసినవారో అని సచార్ కమిటీ 2006లో చెప్పింది. ఆ అంకెను మనం ఎన్నో వేదికల మీద ఉటంకించాము. ఆ నాలుగో వంతులో ఎందరు, ఏ ఉదయం, ఏ తరగతిలో, ఎవరి తొందర వల్ల లేచి వెళ్ళిపోయారో ఎప్పుడైనా అడుగుకున్నామా?

కాలం లేదు, సిలబస్ పూర్తి కావాలి అని మేము చెప్పే మాటలో కొంత నిజం ఉన్నది. నలభై నిమిషాల పీరియడ్, నలభై మంది పిల్లలు. హాజరు, హోంవర్కు దిద్దడం పోగా మనిషికి నిమిషం కూడా మిగలదు. అయితే చట్టం ఏమి చెబుతున్నదో కూడా చూడాలి. 2009 విద్యాహక్కు చట్టం అనుబంధంలో ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు. ఆరు నుంచి ఎనిమిదికి 220 దినాలు, 1000 గంటలు అని ఉన్నది. ఉపాధ్యాయునికి వారానికి 45 గంటలు, అందులో పాఠానికి తయారు కావడానికి పట్టే సమయం కూడా కలిపి. అదే చట్టం 27వ సెక్షన్ జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప ఇతర పనులకు ఉపాధ్యాయులను పంపరాదంటున్నది. 29వ సెక్షన్ ఇంకా స్పష్టంగా ఉన్నది. కృత్యాల ద్వారా, అన్వేషణ ద్వారా నేర్చుకోవడం, బిడ్డకు భయం, ఆందోళన లేకుండా చేయడం, స్వేచ్ఛగా తన అభిప్రాయం చెప్పుకునేలా సహాయపడడం, సాధ్యమైనంత వరకు మాతృభాషలో బోధించడం. ఇవి దయతో ఇచ్చే సౌకర్యాలు కావు, చట్టంలో ఉన్న మాటలు. భాషా మైనారిటీల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలని రాజ్యాంగం 350-ఎ అధికరణ 1956 నుంచి చెబుతూనే ఉన్నది. సీటు అడిగిన గొంతుతోనే ఈ వ్యవధిని కూడా హక్కుగా అడగవచ్చునని మా అభిప్రాయం.

ఇక్కడ మన ఇంటి సంగతి కూడా చెప్పుకోవాలి. మైనారిటీ విద్యాసంస్థలకు ఈ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. 30వ అధికరణ కాపాడబడినదని సంతోషించాము. మంచిదే. కానీ మనం నడుపుకునే బడిలో మన పిల్లవాడి మాటకు ఎంత చోటున్నదని అడిగేవారెవరు? స్వయంప్రతిపత్తి యాజమాన్యానికి వస్తే సరిపోదు కదా.

ఇదేదో బయటి నుంచి తెచ్చిన కొత్త పద్ధతి అని కొందరు పెద్దలు అనుకోవచ్చు. మదరసాలలో దర్సె నిజామీ చదివినవారు ఈ సభలో ఉన్నారు, వారిని అడగండి. పాఠానికి ముందు విద్యార్థి తానే పుస్తకం విప్పి అర్థం చేసుకోవడానికి ప్రయత్నిస్తాడు, దానిని ముతాలా అంటారు. పాఠం అయిన తరువాత తోటి విద్యార్థులు గుంపులుగా కూర్చుని ఒకరు చెబుతుంటే మిగిలినవారు ప్రశ్నిస్తారు, అది తక్రార్. ఉస్తాదు చెప్పే గంటకు అటూ ఇటూ విద్యార్థి సొంత గంటలున్నాయి. ఇమామ్ అబూ హనీఫా తన శిష్యులతో ఒక్కొక్క సమస్యను వాదోపవాదాలతో తేల్చేవారని, శిష్యులు గురువుతో విభేదించేవారని మనకు తెలిసిందే. అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ ఎన్నో విషయాలలో గురువుకు భిన్నమైన అభిప్రాయం చెప్పారు, ఆ అభిప్రాయాలు ఆయన మజ్‌హబ్‌లోనే భద్రంగా ఉన్నాయి. ఇంత సంప్రదాయం ఉన్నవారి పిల్లలు ఏడో తరగతిలో ‘సార్, నాకు అర్థం కాలేదు’ అనడానికి భయపడుతున్నారు. అదే నిజాం కాలంలో, 1918లో ఏర్పడిన ఉస్మానియాలో వైద్యం, ఇంజినీరింగు కూడా ఉర్దూలో చదివించడానికి అనువాద విభాగమే పెట్టారు. తెలుగు, కన్నడ, మరాఠీ పిల్లల మాతృభాషల గతి అప్పుడు ఏమిటన్న ప్రశ్న న్యాయమైనదే. దానిని దాటవేయడం మాకు ఇష్టం లేదు. ఎవరి బిడ్డ అయినా తనకు వచ్చిన మాటలోనే మొదట ఆలోచిస్తాడు.

మన రాష్ట్రంలోనే ఒకసారి ఈ ప్రయత్నం పెద్దయెత్తున జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో 1980ల దశకంలో మొదలై 1990ల మధ్య వరకు సాగిన ప్రాథమిక విద్యా పథకం, అప్పెప్ అని పిలిచేవాళ్ళం. దాని సూత్రాలు ఆరు. ఉపాధ్యాయుడు తానే కృత్యాలు తయారుచేయడం, చేసి చూసి కనుగొని నేర్చుకోవడం, ఒంటరిగానూ జట్టుగానూ తరగతి మొత్తంగానూ పని చేయించడం, పిల్లల మధ్య తేడాలను గుర్తించడం, చుట్టూ ఉన్న పరిసరాలను వాడుకోవడం, పిల్లలు చేసినవాటిని గదిలో ప్రదర్శించి ఆసక్తి కలిగించడం. మాలో పెద్దవారు ఆ శిక్షణ పొందినవారే. గోడ నుంచి గోడకు తాడు కట్టి పిల్లల బొమ్మలు వేలాడదీశాము. మొదటి సంవత్సరం ఆ గదులలోని సందడి ఇప్పటికీ గుర్తున్నది. కానీ కొంత కాలానికి తాడు మిగిలింది, బొమ్మలు పాతబడ్డాయి. అధికారి వచ్చే రోజున దుమ్ము దులిపి చూపించడం మొదలైంది. పిల్లలను జట్లుగా కూర్చోబెట్టి, ఆ జట్ల మధ్య నిలబడి పాత ఉపన్యాసమే చెప్పాము. సూత్రాలు మంచివి, డబ్బు వచ్చింది. వ్యవధి ఇచ్చే అలవాటు మాత్రం మాకు అంటలేదు. ఆ తప్పు పథకానిది అని తప్పించుకోము.

ఇదే జరుగుతున్నది ఇప్పటి అంతర్గత మార్కులతో కూడా. పదో తరగతిలో 80 మార్కుల పరీక్షకు తోడు 20 మార్కులు పిల్లల భాగస్వామ్యం, ప్రతిస్పందనలకు, రాత పనులకు, ప్రాజెక్టు పనులకు, లఘు పరీక్షకు అయిదేసి చొప్పున పెట్టారు. ఆలోచన గొప్పది. బిడ్డ మాట్లాడినందుకు మార్కులు! ఆచరణలో ఏమవుతున్నదో ఈ సభలో ఉన్న పిల్లలే చెప్పగలరు. ఇంటర్నెట్ సెంటర్లో ప్రాజెక్టు ప్రింటు తీయించి, అట్ట వేయించి ఇస్తారు. నోరు విప్పని పిల్లకు భాగస్వామ్యం కింద అయిదుకు అయిదు వేస్తాము. మార్కులు వచ్చాయని మీరు ఊరుకుంటారు, పని తప్పిందని మేము ఊరుకుంటాము.

మరి మంచి జరిగిన చోటు లేదా అంటే, ఉన్నది, మన పాత రంగారెడ్డి జిల్లాలోనే. 1991 నుంచి ఎం.వి. ఫౌండేషన్ శాంతా సిన్హా గారి ఆధ్వర్యంలో పనిలో ఉన్న పిల్లలను మాన్పించి శిబిరాలలో చేర్చి, తమ వయసుకు తగిన తరగతికి తయారుచేసి పంపింది. పత్తి చేలల్లో, పశువుల వెంట, ఇటుక బట్టీల దగ్గర ఏళ్ళు గడిపిన పిల్లలకు మొదటి రోజే పుస్తకం విప్పి అప్పజెప్పించలేరు. పాట, కథ, కబురు, అక్కడి నుంచి అక్షరం. ఆ పిల్లలు మందమతులు కారని, వారికి తెలిసినది వినేవారు లేకపోయారని ఆ శిబిరాలు చూపించాయి. వికారాబాదు జిల్లా 2016లో వేరుపడింది, కానీ ఆ అనుభవం మనది కూడా.

అదే 2016లో మైనారిటీ గురుకులాలు 71 బడులతో మొదలై తరువాత 204 అయ్యాయి. వేలాది కుటుంబాలలో ఆడపిల్ల చదువు నిలబడడానికి అవి కారణమయ్యాయి, అది మరువరానిది. పిల్లలు రాత్రింబగళ్ళు అక్కడే ఉంటారు గనుక, కాలం లేదన్న మాటకు అక్కడ తావు తక్కువ. సాయంత్రపు చదువు గంటలో వారానికి రెండు రోజులు పుస్తకం మూసి మాట్లాడుకునే గంట పెట్టమని తల్లిదండ్రులుగా మీరు కోరవచ్చు.

ఇప్పుడు మీ వంతు. మీ మీద కూడా ఒక ఫిర్యాదు ఉన్నది, కోపగించుకోవద్దు. తరగతిలో పిల్లలను మాట్లాడించడం మొదలుపెట్టిన నెలలోనే మా దగ్గరికి వచ్చిన తండ్రులు ఒకే మాట అడిగారు. ‘సార్, నోట్సులో ఏమీ రాయించలేదేమి? పక్క బడిలో నాలుగు పాఠాలు అయిపోయినయి.’ పేజీలు లెక్కపెట్టి చదువును కొలిచేది మీరే. పొద్దున బడి, సాయంత్రం ట్యూషన్, మగ్రిబ్ తరువాత అరబీ పాఠం, మళ్ళీ హోంవర్కు. ఆ బిడ్డ రోజులో ఊరికే కూర్చుని ఏదైనా అనుకునే పావుగంట ఎక్కడున్నది? ఇంటికి రాగానే ఎన్ని మార్కులు అని కాక, ఈ రోజు నువ్వేమి అడిగావు అని అడగండి. అది దక్కనీలో అడిగినా చాలు. మీకు చదువు రాదన్నది అడ్డు కాదు. బండ మెరుపు ఎందుకు పోతుందో ఆ పిల్లవాడికి చూపించిన తండ్రి నిశానీ పెట్టేవాడే.

ప్రభుత్వ బడి పిల్లల తల్లిదండ్రులకు మరొక అధికారం ఉన్నది. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది స్త్రీలు ఉండాలి, బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వారి సంఖ్యకు తగ్గ చోటు ఉండాలి. 21వ సెక్షన్ అది. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేసేది ఆ కమిటీయే. ఇంతకాలం అందులో ప్రహరీ గోడ, మరుగుదొడ్లు, నీళ్ళ ట్యాంకు వ్రాశాము. అవసరమే. ఈసారి దానికింద ఇంకొక పంక్తి చేర్చమని కోరుతున్నాము. ప్రతి తరగతికీ వారంలో రెండు పీరియడ్లు మాట్లాడడానికి, చేసి చూడడానికి. ఉర్దూ, తెలుగు, కన్నడ ఏది వస్తే అది మాట్లాడనివ్వాలి, నవ్వకూడదు. తీర్మానం చేసి సంతకాలు పెట్టి ప్రధానోపాధ్యాయునికి ఇవ్వండి. ఖర్చు ఏమీ లేదు, నిధులు రాలేదనే జవాబు దీనికి చెల్లదు.

మా వంతుగా మేము ఒప్పుకున్నది చిన్నది. ప్రశ్న వేశాక మనసులో మూడు లెక్కపెడతాము. చేయి ఎత్తినవారిని వెంటనే లేపము. పిల్లవాడు ‘మా అమ్మీ’ అని మొదలుపెడితే వాక్యం పూర్తయ్యేదాకా వింటాము. మొదటి వారంలో ఆ మూడు సెకన్లు మాకే యుగంలా అనిపించాయి. నిశ్శబ్దాన్ని భరించడం నేర్చుకోవలసింది పిల్లలు కాదు, మేమే. ఒక రోజు అయిదు లెక్కపెట్టినా ఎవరూ పలకలేదు, పాఠం చప్పగా పోయింది. మరొక రోజు, జూన్ నుంచి ఒక్క మాట మాట్లాడని అమ్మాయి లేచి, మూసీ మన అనంతగిరిలో పుట్టి హైదరాబాదుకు పోతే అక్కడ అంత మురికి ఎందుకయింది సార్ అని అడిగింది. ఆ రోజు పుస్తకంలో ఉన్న పాఠం జరగలేదు. గంట కొట్టిన తరువాత కూడా పిల్లలు లేవలేదు.

వచ్చే శనివారం ఆమ్లాల పాఠం మళ్ళీ చెప్పబోతున్నాము. పాలిషింగు యూనిట్లలో పనిచేసే తండ్రులు పగిలిన బండ ముక్కలు కొన్ని పంపండి, పాలిష్ చేసినవీ చేయనివీ రెండూ. తల్లులు ఒక నిమ్మకాయ, గుప్పెడు చింతపండు పంపితే చాలు. వీలున్నవారు వచ్చి వెనుక బల్ల మీద కూర్చోండి. ఆ రోజు పాఠం ఆ పిల్లవాడు చెబుతాడు.